బ్రేకుల కథ: ఆల్బియన్ బస్సు నుంచి మా బావగారి జీపు దాకా

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు నేను రాజుల గురించి, కోటల గురించి రాయగలవాణ్ణి కానని చెప్పాను. ముప్పై ఆరేళ్లు వర్క్‌షాపులో పానా పట్టుకుని బతికినవాణ్ణి. "నీకు తెలిసిందే రాయవయ్యా" అన్నారు. నాకు తెలిసినవి బ్రేకులు. పైగా ఆరు నెలలుగా మా ఇంట్లో నడుస్తున్న తగువు కూడా బ్రేకుల గురించే గనుక అదే రాస్తున్నాను.

మా బావగారికి దేవరకొండ దగ్గర కొంత పొలమున్నది. ఒకప్పుడు ప్రభుత్వ వేలంలో ఆయన ఒక మహీంద్రా జీపు కొన్నారు. 1968 మోడలు, సి.జె.3బి. ఎత్తైన బానెట్టు, మడత పెట్టే అద్దం, కాన్వాసు టాపు. మన వయసు వారందరూ ఏదో ఒక క్యాంపుకు ఆ బండి వెనక సీట్లో ఒళ్లు హూనం చేసుకుని వెళ్లినవారే. బావగారు పోయాక అది కొట్టంలో పదేళ్లకు పైగా పడి ఉన్నది. ఇప్పుడు ఆయన మనుమడు, ఇంజనీరింగు చదివిన కుర్రాడు, దాన్ని బాగు చేయించి మన్ననూరు, శ్రీశైలం తిప్పాలంటాడు. నా దగ్గరికి వచ్చి "తాతా, పాత బ్రేకులు పీకేసి ముందు చక్రాలకు డిస్కులు వేపిద్దాం" అన్నాడు. వాళ్ల నాయనేమో "మా బాపు బండిల ఒక్క నట్టు గూడ మార్చొద్దు" అంటాడు. తీర్పు నామీద పెట్టారు.

తీర్పు చెప్పే ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన జిల్లాల్లో మొదటి బ్రేకు కర్ర, తాడు. వాలు దిగే ఎడ్లబండికి చక్రానికి తాడు కట్టి, కర్ర అడ్డం పెట్టి, బండి మనిషి వెనక వేలాడేవాడు. మోటారు వచ్చాక కూడా సూత్రం చాలాకాలం అదే. కాలితో పెడల్ తొక్కితే ఇనుప కడ్డీలో, తీగలో లాగితే చక్రంలోని షూ డ్రమ్మును ఒరుసుకునేది. నాలుగు చక్రాలకూ సమానంగా పట్టేట్టు కడ్డీలు సర్దడం ఒక విద్య. ఏ ఒక్కటి బిగుసుకున్నా బండి పక్కకు లాగేది.

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వారు రోడ్డు రవాణా శాఖ ప్రారంభించినప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆ కాలపు ఆల్బియన్ బస్సులు స్కాట్లాండులోని గ్లాస్గో నగరం నుంచి ఓడలెక్కి వచ్చినవి. వాటిలో ఒకదాన్ని దక్కన్ క్వీన్ అన్న పేరుతో భద్రపరచి హైదరాబాదు బస్ భవన్‌లో పెట్టగా కొన్నేళ్ల క్రితం చూశాను. అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నేను మాత్రం వంగి చక్రాల లోపలికి చూస్తుంటే కాపలా మనిషి "ఏమైనా పోయిందా సార్?" అని అడిగాడు. ఆ రవాణా శాఖ 1951 నవంబరులో రైల్వే నుంచి హైదరాబాదు ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే సంస్థ వచ్చింది. ఆ సంగతులు ఆ శాఖ మిత్రులు నాకంటే బాగా రాయగలరు.

ఆల్బియన్ బస్సులు ఇక్కడికి వచ్చేనాటికే బయట దేశాల్లో బ్రేకుల మీద పెద్ద వాదన నడుస్తున్నది. ఇనుప కడ్డీ బదులు గొట్టంలో నూనె పోసి, ఆ ఒత్తిడితో షూలను నెట్టే పద్ధతికి అమెరికాలో లాక్‌హీడ్ అనే ఆయన 1917 ప్రాంతంలో పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ అవే బిగించుకుని వచ్చింది. నూనె కారిపోతే గతేమిటని చాలామంది నమ్మలేదు. ఫోర్డు కంపెనీయే 1939 మోడలు దాకా కడ్డీలు, తీగలు వదలలేదు. అంటే "పాతదే గట్టిది, కొత్తది నమ్మరాదు" అన్న మాట మా బావగారి కొడుకు కనిపెట్టింది కాదు. అప్పటి ఆ భయంలో నిజం లేకపోలేదు. కడ్డీ ఒకటి తెగితే ఒక చక్రమే పోతుంది. నూనె గొట్టం ఒకటి పగిలితే నాలుగు చక్రాలూ ఒక్కసారే పోతాయి.

రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941లో తయారైన జీపుకు నూనె బ్రేకులే పెట్టారు. 1940ల చివర్లో బొంబాయిలో మహీంద్రా వారు జీపులు బిగించడం మొదలుపెట్టినప్పుడు వాటితోపాటు ఆ బ్రేకులే మన దేశానికి వచ్చాయి. డ్రైవరు కాళ్ల కింద, నేల రేకుకు అడుగున ఒక మాస్టర్ సిలిండరు. దాన్నుంచి గొట్టాలు నాలుగు వైపులా. చక్రం చక్రానికీ ఒక చిన్న సిలిండరు, లోపల రబ్బరు కప్పులు. హ్యాండ్ బ్రేకు మాత్రం చక్రాలకు కాదు, వెనక్కి పోయే షాఫ్టు మీద పట్టేది. మాస్టర్ సిలిండరులో ఉన్నది ఒకటే గది. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. యాభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

1976 ఎండాకాలం. నేనప్పుడు ఒక ప్రభుత్వ శాఖ వర్క్‌షాపులో మెకానిక్కును. శాఖ పేరు ఇక్కడ అక్కర లేదు. ఒక జీపు మన్ననూరు మీదికి క్యాంపు పోవాలి, తెల్లారేసరికి సిద్ధం చేయమన్నారు. అది ఈ జీపు కాదు గాని ఇలాంటిదే. మాస్టర్ సిలిండరులో నూనె తగ్గింది. అరమాడులో రెండు సీసాలున్నాయి, రెంటికీ పేర్లు లేవు. నేను వాసన కూడా చూడకుండా ఒక సీసా వంచాను. అది బ్రేక్ ఆయిల్ కాదు, ఇంజన్ ఆయిల్.

తెలియనివారికి చెప్తాను. బ్రేక్ ఆయిల్ అని పేరేగాని అది ఇంజన్లో పోసే నూనె జాతి కాదు. పూర్వం ఆముదం, ఆల్కహాలు కలిపి చేసేవారు. తరువాత గ్లైకాల్ అనే పదార్థంతో చేస్తున్నారు. అందులో ఉండే రబ్బరుకు పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బిన కప్పు వెనక్కి రాదు, నూనె తిరిగి వచ్చే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. కాలు తీసినా బ్రేకు పట్టే ఉంటుంది. చక్రాలు వేడెక్కుతాయి, లైనింగు కాలిన వాసన వస్తుంది. చివరకు నూనె మరిగి ఆవిరి అవుతుంది. ఆవిరిని ఎంత తొక్కినా అణుగుతుందే తప్ప షూను నెట్టదు.

నాలుగో రోజు జీపు మన్ననూరు ఘాటు దిగి హాజీపూర్ వైపు వస్తుండగా పెడల్ నేలకు తగిలింది. డ్రైవరుగారు నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నాలుగుసార్లు కొట్టి చూశాడు. సెకండు గేరులో పడేసి, హ్యాండ్ బ్రేకు గుంజి, లోయ వైపు పోనివ్వకుండా బండిని గట్టు పక్క కాలువలోకి తోలాడు. వెనక కూర్చున్న అటెండరుకు చెయ్యి విరిగింది. మిగతావారికి గీరుకుపోయిన దెబ్బలు. ఆయన గనుక ఒక్క క్షణం కంగారుపడి ఉంటే ఏమయ్యేదో ఆ మలుపు చూసినవారికి తెలుస్తుంది.

బండి వర్క్‌షాపుకు వచ్చింది. విప్పింది నేనే. కప్పులు పుట్టగొడుగుల్లా ఉబ్బి ఉన్నాయి. నాకు అప్పుడే అర్థమైంది. విచారణలో అడిగితే "బయలుదేరేటప్పుడు బ్రేకులు సరిగానే ఉన్నవి" అని సంతకం పెట్టాను. డ్రైవరు అజాగ్రత్త అని రాశారు, ఆయనకు ఒక ఇంక్రిమెంటు ఆగింది. నాకు అప్పుడు పెళ్లయి ఏడాది, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇది సమర్థన కాదు, జరిగింది చెప్తున్నాను. ఆయనకు తెలుసు. వాలులో బండి ఆగినప్పుడే చక్రాలు ముట్టుకుని చూశాడట. ఒకరోజు టీ తాగుతూ నాతో "తమ్మీ, ఇకనన్న సీసాల మీద పేర్లు రాసిపెట్టు" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు, ఎవరితోనూ అనలేదు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన పిల్లలు ఈ సంచిక చదువుతారని నాకు తెలుసు. మీ నాయన తప్పు ఏమీ లేదమ్మా, తప్పు నాది.

మళ్లీ విషయానికి వస్తాను. ఆ రోజు పోయింది రబ్బరు కప్పు ఒక్కటే. దాంతో నాలుగు చక్రాల బ్రేకులూ పోయాయి, ఎందుకంటే సిలిండరులో గది ఒకటే. ఈ లోపం ప్రపంచానికి తెలియనిది కాదు. ఒకే సిలిండరులో రెండు గదులు చేసి, ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి ఇస్తే, ఒక వైపు పోయినా రెండో వైపు పట్టుతుంది. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు ఈ ఏర్పాటు తప్పనిసరి చేశారు. మా బావగారి జీపు పుట్టిన సంవత్సరమూ అదే, కాని దానికి ఆ భాగ్యం దక్కలేదు.

డిస్కుల మాటకొస్తే, ఆ ఆలోచన 1902 నాటిది, ఇంగ్లండులో లాంచెస్టర్ పేటెంటు చేశాడు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెంలో జాగ్వారు కార్లు డిస్కు బ్రేకులతో గెలిచాక లోకం కళ్లు తెరిచింది. డ్రమ్ము మూసి ఉన్న కుండ లాంటిది, వేడి లోపలే ఉంటుంది. డిస్కుకు గాలి తగులుతుంది. డిండి వాగు దాటిన రోజుల్లో మనం బ్రేకు మీద కాలు ఆన్చి కొంతదూరం నడిపి లైనింగు ఆరబెట్టుకునేవాళ్లం. డిస్కు నీళ్లను వెంటనే విదిలించుకుంటుంది. కనుక కుర్రవాడు చెప్పింది తప్పు కాదు.

అయితే డ్రమ్ములో ఒక సుగుణం ఉన్నది. తిరిగే డ్రమ్మే ముందు షూను లోపలికి లాక్కుంటుంది. అందువల్ల తక్కువ బలంతో పట్టుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు, మరింత ఒత్తిడి కావాలి. అంటే బూస్టరు కావాలి, బూస్టరుకు చోటు కావాలి, బానెట్టు కింద మార్పులు కావాలి. ముందు చక్రాలు గట్టిగా పట్టి వెనకవి పట్టకపోతే సర్దుబాటు వాల్వు కావాలి. చివరికి బండిని ఆపేది టైరు, రోడ్డు. ఆ సన్నని టైర్లకు ఉన్న పట్టు ఎంతో అంతే. టైరు జారడం మొదలైతే లోపల డిస్కున్నా డ్రమ్మున్నా ఒకటే.

మరి "నట్టు కూడా మార్చొద్దు" అనే తండ్రి మాటో? ఆయన కాగితాలు కూడా తెచ్చాడు. 2021లో కేంద్రం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నిబంధనలు పెట్టింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేయని బండికి వి.ఏ. అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. మొదటిసారి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. కాని ఆ నంబరుతో రోజువారీ తిరగరాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రమే. కుర్రవాడికి కావలసింది తిరగడం. కనుక ఆ దారి వదిలేశాం. అయినా ఛాసిస్‌కు కొత్త రంధ్రం పెట్టవద్దని నేను గట్టిగా చెప్పాను. రేపు వాడి కొడుకు మళ్లీ అసలు రూపానికి తేవాలనుకుంటే వీలుండాలి.

ఆయనతో నేను అన్నది ఇది. బాబూ, మీ బాపు నడిపిన నాటి రోడ్డు ఇప్పుడు లేదు. అప్పుడు చౌటుప్పల్ దాటితే ఎదురుగా గంటకు నాలుగు లారీలు వచ్చేవి, వాటి బ్రేకులు కూడా మనలాంటివే. ఇప్పుడు విజయవాడ రోడ్డు నాలుగు వరుసలు. ముందు పోయే కారు వాడు డిస్కులతో టక్కున ఆగుతాడు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో మనం ఉలిక్కిపడే ఒక్క సెకండులోనే బండి పదిహేడు మీటర్లు పోతుంది. ముప్పై నుంచి అరవైకి పోతే వేగం రెట్టింపే, ఆపవలసిన శక్తి నాలుగు రెట్లు. బండి మీది, అందం మీది, కాని ముందున్న స్కూటరు మీద కూర్చున్నవాళ్లు మీ బాపు జ్ఞాపకం కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవలసిన పని లేదు.

చివరకు తేల్చింది ఏమంటే: డ్రమ్ములు అలాగే ఉంటాయి. కొత్త లైనింగులు, ఆస్బెస్టాసు లేనివి. (మనం ఆ పొడిని గాలిగొట్టంతో ఊది, ముఖాన రుమాలు కూడా కట్టుకోకుండా పనిచేశాం. మన వర్క్‌షాపు మిత్రులు దగ్గు విడవకపోతే ఒకసారి ఛాతీ డాక్టరుకు చూపించుకోండి.) నాలుగు వీల్ సిలిండర్లు కొత్తవి, ఇనుప గొట్టాలు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి. ఒక గది సిలిండరు తీసి రెండు గదులది, ఉన్న రంధ్రాలకే పట్టీ చేయించి బిగించాం. పైనుంచి చూస్తే ఏమీ తేడా కనపడదు. నూనె రెండేళ్లకోసారి మార్చాలని రాసి అద్దం కింద అంటించాను, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక. ఘాట్లో ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలన్న షరతు కూడా పెట్టాను. డిస్కులు వద్దన్నందుకు కుర్రవాడు రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు. పాత సిలిండరు తీసినందుకు వాళ్ల నాయన ఇంకా మాట్లాడటం లేదు.

పోయిన నెల డిండి దగ్గర ఖాళీ రోడ్డు మీద పరీక్ష చేశాం. వెనక గొట్టం నట్టు కావాలనే వదులు చేసి, నలభై వేగంలో తొక్కమన్నాను. పెడల్ సగం దాకా దిగింది, గుండె ఝల్లుమంది, తరువాత ముందు చక్రాలు పట్టాయి. ఎప్పటికంటే చాలా దూరం తీసుకుంది, కాని ఆగింది. నట్టు బిగించి, నూనె పోసి, గాలి తీసి, ఇంటికి తీసుకొచ్చాం. పాత మాస్టర్ సిలిండరు శుభ్రం చేసి, గుడ్డలో చుట్టి మా అరమాడులో పెట్టాను. పక్కనే బ్రేక్ ఆయిల్ సీసా ఉన్నది. దాని మీద పేరు పెద్ద అక్షరాలతో రాశాను.