మనుమలను వెదకిన జన్యుశాస్త్రం

తప్పిపోయిన బిడ్డను వెదకడానికి పేరు, వయస్సు, ఫొటో, పుట్టుమచ్చలు ఆధారాలు. కాని బిడ్డ పుట్టిన గడియనుండే కనిపించకుండా పోతే, తల్లిదండ్రులు కూడ లేకపోతే ఏమి చేయాలి? దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాలో ఈ చిక్కు వందలాది కుటుంబాలకు వచ్చింది.

1976 మార్చి 24న ఆ దేశంలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకొన్నది. 1983 వరకు సాగిన ఆ పాలనలో వేలాది మందిని రహస్య నిర్బంధ శిబిరాలకు తరలించారు. వారిలో గర్భిణులు కూడ ఉన్నారు. ప్రసవించిన తరువాత తల్లులను చాలవరకు చంపివేశారు. శిశువులను సైనికోద్యోగులు, పోలీసులు, వారికి కావలసినవారు తమ సొంత బిడ్డలుగా దొంగపత్రాలు పుట్టించి పెంచుకొన్నారు. తల్లిదండ్రులతోబాటు పట్టుబడిన పసివారి గతీ అంతే. ఇట్టి పిల్లలు సుమారు 500 మంది ఉంటారని అంచనా.

1977లో వారి అమ్మమ్మలు, నాయనమ్మలు కొందరు రాజధాని బ్యూనస్ అయిర్స్‌లోని ప్లాజా ద మాయో అనే కూడలి పేరుతో సంఘంగా ఏర్పడినారు. ఎక్కడైనా అనుమానించదగిన బిడ్డ కనిపించినా, తమ మనుమరాలే అని రుజువు చేయడమెట్లా? రక్తపరీక్షతో తండ్రి ఎవరో తేల్చవచ్చునని వారు విన్నారు. తండ్రి లేనప్పుడు తాత, అవ్వల రక్తం చాలదా? ఈ ప్రశ్నతో వారు విదేశాలలోని శాస్త్రజ్ఞుల వద్దకు వెళ్ళారు. ఘనత మొదట ఈ ప్రశ్నకే చెందాలి. అప్పటి పాఠ్యగ్రంథాలలో దీనికి సిద్ధమైన జవాబు లేదు.

న్యూయార్కులో ఉన్న అర్జెంటీనా వైద్యుడు విక్టర్ పెంచస్‌జాదే వారికి తోడ్పడినారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ క్లెయిర్ కింగ్ ఇతరులతో కలిసి కావలసిన గణితం సమకూర్చి, 1984లో స్వయంగా బ్యూనస్ అయిర్స్ వెళ్ళారు.

సూత్రం కష్టమైనది కాదు. తెల్ల రక్తకణాలపై హెచ్.ఎల్.ఎ. అనే ప్రోటీనులు ఉంటాయి. వీటిలో రకాలు అనేకం. బిడ్డకు సగం తల్లినుండి, సగం తండ్రినుండి వస్తాయి. ఆ తల్లిదండ్రులకు అవి తమ పెద్దలు ఇచ్చినవే. కనుక బిడ్డలోని రకాలలో సగం అమ్మమ్మ, తాతలలోను, తక్కిన సగం నాయనమ్మ, తాతలలోను కనిపించి తీరాలి. ఆ పోలిక కాకతాళీయంగా ఏర్పడే అవకాశమెంతో లెక్క కడతారు. 1984 డిసెంబరులో ఒక పోలీసు ఉద్యోగి ఇంట పెరుగుతున్న ఎనిమిదేళ్ళ బాలికను, ఈ పరీక్ష ఆధారంగా, న్యాయస్థానం అమ్మమ్మకు అప్పగించింది.

నలుగురు పెద్దలూ జీవించి లేకపోతే ఈ లెక్క బలహీనపడుతుంది. అందుచేత కింగ్ మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఎ.ను ఆశ్రయించారు. సుమారు 16,500 క్షారాల జంటలుగల ఈ చిన్న వలయం తల్లినుండి మాత్రమే బిడ్డకు వస్తుంది. తెలుగులో అమ్మమ్మ వేరు, నాయనమ్మ వేరు. మైటోకాండ్రియా కూడ ఈ భేదం పాటిస్తుంది! అమ్మమ్మది మనుమనికి చేరుతుంది, నాయనమ్మది కొడుకుతో ఆగిపోతుంది. పెద్దలందరూ పోయినా పినతల్లిగాని మేనమామగాని మిగిలి ఉంటే పోల్చి చూడవచ్చు.

వృద్ధులు ఒక్కొక్కరే గతించసాగారు. 1987లో అర్జెంటీనా చట్టం చేసి జాతీయ జన్యు సమాచార నిధిని నెలకొల్పింది. మనుమడు ఎన్నేళ్ళకు వచ్చినా, అవ్వ లేకపోయినా, పోల్చడానికి ఆమె నమూనా అక్కడ ఉంటుంది. చిక్కులు మాత్రం తీరలేదు. పెరిగి పెద్దవారైన పిల్లలలో కొందరు, పెంచినవారు జైలుపాలవుతారని రక్తమివ్వడానికి నిరాకరించారు. 2009లో మరొక చట్టం, న్యాయమూర్తి ఉత్తర్వుపై, వారు వాడిన వస్తువులనుండి కూడ డి.ఎన్.ఎ. సేకరించడానికి అనుమతించింది. దొంగిలింపబడినవారినే బలవంతపెట్టడం ఏమి న్యాయమని వాదించినవారు ఉన్నారు. వెదకే కుటుంబానికి కూడ హక్కు లేదా అన్నవారూ ఉన్నారు.

2025 జూలై నాటికి 140 మంది విషయం తేలింది. నాటి శిశువులు ఇప్పుడు నలభై ఏళ్ళు దాటినవారు. తమ పుట్టుకపై అనుమానం కలిగినవారు స్వయంగా వచ్చి పరీక్ష కోరవచ్చు.