కిడ్నీ రాళ్ల చికిత్స: ఏ పద్ధతికి ఏ బిల్లింగ్ కోడ్?

అమెరికాలో ఒక రోగి కిడ్నీలో రాయి తీయించుకుని ఇంటికి వెళ్లాక, ఆ ఆపరేషన్ రికార్డు చాలాసార్లు హైదరాబాద్, చెన్నై వంటి నగరాల్లోని మెడికల్ కోడర్ల ముందుకు వస్తుంది. డాక్టర్ రాసిన నోట్ చదివి, చేసిన చికిత్సను ఐదంకెల సీపీటీ కోడ్‌గా మార్చడం వారి పని. బీమా సంస్థ ఆ కోడ్ చూసే డబ్బు చెల్లిస్తుంది. కోడ్ తప్పితే క్లెయిమ్ తిరస్కరణకు గురికావచ్చు. ఎక్కువ సొమ్ము వచ్చే కోడ్ వేస్తే ఆడిట్‌లో తిరిగి కట్టాల్సి రావచ్చు. రోగి జేబు నుంచి చెల్లించే వాటా కూడా మారవచ్చు.

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో తొలిసారి ప్రచురించిన సీపీటీ జాబితాను ఏటా సవరిస్తారు. రాళ్ల చికిత్సలో జబ్బు పేరు ఒక్కటే ఉన్నా కోడ్లు అనేకం. డాక్టర్ ఏ దారిలో రాయిని చేరారు, అక్కడ ఏం చేశారు అన్నదే కోడ్‌ను నిర్ణయిస్తుంది.

షాక్ వేవ్ చికిత్స

కోత లేకుండా శరీరం బయటి నుంచి షాక్ తరంగాలతో రాయిని పగలగొడితే 50590. ఒకే వైపు ఎన్ని రాళ్లు పగలగొట్టినా ఒక్కసారే వేయాలి. అదే సమయంలో స్టెంట్ అమర్చితే దానికి 52332 విడిగా వేస్తారు. మెడికేర్ లెక్కలో 50590కి 90 రోజుల గ్లోబల్ పీరియడ్ ఉంటుంది. ఆ గడువులో అదే డాక్టర్ ముందే అనుకున్న రెండో విడత చికిత్స చేస్తే 58 మాడిఫయర్ జోడించాలి.

యూరిటరోస్కోపీ

మూత్రమార్గం ద్వారా స్కోప్ పంపి రాయిని బాస్కెట్‌తో పట్టి తీస్తే 52352. లేజర్ వంటి పరికరంతో పగలగొడితే 52353. పగలగొట్టి, డబుల్ జే స్టెంట్ కూడా అమర్చితే 52356.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. 2014లో 52356 వచ్చింది. అప్పటినుంచి ఒకే వైపు రెండు పనులూ చేసినప్పుడు 52353, 52332లను విడివిడిగా వేయకూడదు. ఆపరేషన్ ముగిసేలోపే తీసేసే తాత్కాలిక కాథెటర్‌ను స్టెంట్‌గా లెక్కించకూడదు. అది మాత్రమే వాడితే 52353 సరిపోతుంది.

వీపు వైపు నుంచి తీసే పద్ధతి

వీపు దగ్గర చిన్న రంధ్రం చేసి నేరుగా కిడ్నీలోకి వెళ్లేది పీసీఎన్‌ఎల్. ఒకే చోట, 2 సెంటీమీటర్ల లోపు, కొమ్మలు లేని రాయి అయితే 50080. అంతకంటే పెద్దదైనా, కొమ్మలు విస్తరించినా, పలుచోట్ల రాళ్లున్నా 50081. అదే దారిలో అమర్చిన స్టెంట్, నెఫ్రోస్టమీ ట్యూబ్ ఈ కోడ్లలోనే కలిసి ఉంటాయి.

రాయి ఎక్కడ, ఏ వైపు?

సీపీటీ కోడ్‌కు తోడు జబ్బు కోడ్ కూడా సరిపోవాలి. రాయి కిడ్నీలో ఉంటే ఎన్20.0, మూత్రనాళంలో ఉంటే ఎన్20.1. రెండు చోట్లా ఉంటే ఆ రెండు కోడ్లు కాకుండా ఎన్20.2 ఒక్కటే. ఈ కోడ్లు కుడా ఎడమా చెప్పవు. అందుకే ప్రొసీజర్ కోడ్‌కు కుడికి ఆర్‌టీ, ఎడమకు ఎల్‌టీ, రెండు వైపులా చేస్తే 50 మాడిఫయర్ తప్పనిసరిగా చూసుకోవాలి.

నోట్‌లో లేనిది ఊహించరాదు

ఆపరేషన్ నోట్ శీర్షికలో 'లేజర్ లిథోట్రిప్సీ' అని ఉండి, లోపలి వివరణలో బాస్కెట్‌తో తీసినట్టు మాత్రమే ఉంటే శీర్షికను నమ్మి కోడ్ వేయకూడదు. పీసీఎన్‌ఎల్ నోట్‌లో రాయి పరిమాణం లేకపోతే 50081 ఊహించి వేయకూడదు. రెండు సందర్భాల్లోనూ డాక్టర్‌కు క్వెరీ పంపి, రాతపూర్వక సమాధానం వచ్చాకే క్లెయిమ్ పంపాలి. రోజువారీ టార్గెట్ల ఒత్తిడిలో కోడర్లు ముందుగా వదిలేసేది ఈ మెట్టే. ఆడిటర్ ముందుగా అడిగేదీ దీని గురించే.