కొండపల్లెల కుంటల నుంచి ప్రపంచ పోటీలకు

జపాన్‌లోని నీగాటా ప్రాంతంలో కొండపల్లెలు చలికాలమంతా మంచులో కూరుకుపోతాయి. అక్కడి రైతులు వరిమళ్లకు నీరందించే కుంటల్లో కార్ప్ చేపలను తిండి కోసం పెంచేవారు. మన చెరువుల్లోని బంగారుతీగకు ఇవి దగ్గరి చుట్టాలు. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఆ ప్రాంతంలోని యమకోషి పరిసరాల్లో కొన్ని చేపపిల్లలు రంగుమచ్చలతో పుట్టాయి. కూరకు పోవలసిన ఆ చేపలను వేరుగా దాచి, తరతరాలుగా ఏరి జతకట్టించిన రైతుల ఓర్పు అపురూపం. ఒక్కసారి పుట్టిన వేల పిల్లల్లో ఉంచుకోదగినవి కొన్నే ఉంటాయి. తెలుపుపై ఎరుపున్న కొహాకు రకం అలా స్థిరపడింది. నలుపు కూడా కలిసిన సాంకే, షోవా రకాలు తర్వాత వచ్చాయి.

1914లో టోక్యో ప్రదర్శనలో, కోయి అని పిలిచే ఈ రంగు చేపలు దేశం దృష్టిలో పడ్డాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో, విమానాల్లో విదేశాలకు చేరాయి. వాటి వెంటే కోయి పెంచేవారి క్లబ్బులూ పుట్టాయి. బ్రిటన్‌లో 1970లోనే ఒక జాతీయ సంఘం ఏర్పడింది. నీటిని వడకట్టడం, అమోనియాను అదుపులో పెట్టడం, జబ్బులను గుర్తించడం కొత్తవారు ఎక్కువగా ఈ క్లబ్బుల్లోనే నేర్చుకున్నారు. కోయి పోటీల్లో చేపను నీలిరంగు తొట్టిలో వదిలి పైనుంచి చూస్తారు. రంగుల కన్నా ముందు ఒంటి తీరును పరిశీలిస్తారు.

2004 అక్టోబరు భూకంపానికి ఈ చేపల పుట్టిల్లయిన యమకోషి మొత్తం ఖాళీ అయింది, కుంటలు తెగి ఎన్నో చేపలు చనిపోయాయి. మిగిలిన కొన్నింటిని హెలికాప్టర్లలో తరలించారు. పెంపకందారులు తిరిగివచ్చి కుంటలు కట్టుకున్నారు. 2017లో నీగాటా కోయిని తన అధికారిక అలంకార చేపగా ప్రకటించింది.