పట్నం విడిచి సీమకు వచ్చిన ఇద్దరు: మన్రో, బ్రౌన్

వలస అనే మాట వినగానే మీకు ఏ దిక్కు గుర్తుకొస్తుంది? చక్రాయపేట బస్టాండులో నిలబడి ఈ ప్రశ్న అడిగితే బెంగళూరు, హైదరాబాదు, కువైట్ అనే మూడు పేర్లే వినిపిస్తాయి. మన చరిత్ర పాఠాలు కూడా పల్లె నుంచి పట్నానికి పోయేవాడినే ఎక్కువగా పట్టించుకుంటాయి. జనాభా లెక్కలవారు మాత్రం వలసను నాలుగు దారులుగా విడదీస్తారు: పల్లె నుంచి పల్లెకు, పల్లె నుంచి పట్నానికి, పట్నం నుంచి పట్నానికి, పట్నం నుంచి పల్లెకు. ఈ నాలుగో దారిని గురించి రాసినవారు తక్కువ. ఈ వ్యాసంలో మనం చూడబోయేది ఆ దారినే.

నేనూ ఆ దారిన వచ్చినవాణ్ణే కాబట్టి ఒక చిన్న అనుభవంతో మొదలుపెడతాను. హైదరాబాదులో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, ఉద్యోగ విరమణ తర్వాత చక్రాయపేటకు వచ్చాను. వచ్చిన మొదటి వారంలో పక్కింటి రైతును మర్యాదకు పలకరిస్తూ, "మీకు పొలం ఎంత ఉంది?" అని అడిగాను. ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "చేనా సార్, మడా, తోటా? ఏది అడగతాండారు?" అన్నాడు. చరిత్రలో డాక్టరేటు ఉన్నవాణ్ణి, భూమిశిస్తు విధానాల మీద ఎన్నో తరగతులు తీసుకున్నవాణ్ణి, ఏం చెప్పాలో తోచక నిలబడిపోయాను. వానను నమ్ముకున్న నేల చేను. చెరువు నీరో కాలువ నీరో పారేది మడి. రైతు తన చేతి డబ్బుతో బావి తవ్వుకుని సాగు చేసుకునేది తోట. మూడింటి కష్టం వేరు, రాబడి వేరు. మూడింటినీ కలిపి "పొలం" అనేయడం ఊరు తెలియనివాడి మాట.

ఆ రాత్రి పాత పాఠం ఒకటి మళ్లీ గుర్తుకొచ్చింది. ఈ మూడు మాటల మధ్య తేడా తెలుసుకోవడానికి ఇదే నేల మీద ఏడేళ్లు తిరిగిన మరో బయటివాడి కథ అది. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

దత్తమండలాల్లో మన్రో

1800 అక్టోబరు 12న కుదిరిన ఒప్పందంతో నిజాం తన ఏలుబడిలోని బళ్లారి, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. వీటినే దత్తమండలాలు అన్నారు. వాటికి ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. అప్పటికి అతనికి 39 ఏళ్లు. పుట్టింది 1761లో, గ్లాస్గో నగరంలో. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం కూలిపోయింది. కొడుకు 1780లో మద్రాసులో ఓడ దిగి కంపెనీ సైన్యంలో చేరాడు. అంటే, నగరం మీద విసుగు పుట్టి వచ్చినవాడు కాదు, నగరంలో బతుకు చెడి వచ్చినవాడు. ఈ తేడాను మీరు గుర్తుపెట్టుకోవాలి. పట్నం విడిచినవారందరూ ప్రశాంతత కోసం విడిచారని అనుకోవడం మన కాలపు అలవాటు.

సీమకు రాకముందు అతను సేలం వైపున్న బారామహల్లో ఏడేళ్లు రెవెన్యూ పని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో ఇంటికి రాసిన ఒక ఉత్తరంలో, గుడారం వేసుకుని ఊరూరా తిరుగుతున్నానని, పొద్దున ఏడింటి నుంచి జనం వస్తూ పోతూనే ఉన్నారని, రోజులో తనదంటూ ఒక గంట కూడా మిగలడం లేదని వాపోతాడు. ఆ తర్వాత కొంతకాలం కెనరాలో, అంటే ఇప్పటి మంగళూరు తీరంలో, పనిచేశాడు. అక్కడి ఎడతెగని వానలు పడలేదు. తనను దత్తమండలాలకు పంపమని పట్టుబట్టి అడిగాడు. పచ్చని తీరం వద్దు, ఎండిన సీమ కావాలని కోరుకున్న అధికారి చరిత్రలో అరుదు. చక్రాయపేటలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మడం లేదు!

కోరుకున్న చోటు సుఖమైనది కాదు. సుమారు 80 మంది పాలెగాళ్లు, వారి కింద ఆయుధాలు పట్టిన బంట్లు, కరువు, మారుతూ వచ్చిన పాలనల కింద చితికిపోయిన గ్రామాలు. కంపెనీకి లొంగడానికి ఇష్టపడని ఊళ్లూ ఉన్నాయి. ఇప్పటి కర్నూలు జిల్లాలోని తెర్నేకల్లులో 1801లో జనం తిరగబడి శిస్తు వసూలు అధికారిని చంపారు. కంపెనీ సైన్యం ఆ ఊరి కోటను ముట్టడించింది. తిరుగుబాటుకు నాయకుడైన ముతుకూరు గౌడప్పను ఉరితీసింది. కాబట్టి మన్రో గుడారాన్ని ఒక మంచి మనిషి పల్లె విహారంగా ఊహించుకోకండి. ఆ గుడారం వెనక ఫిరంగి ఉంది.

అయినా ఆ గుడారంలో ఏం జరిగిందో చూడాలి. 1802లో మొదలుపెట్టి కొన్నేళ్ల పాటు దత్తమండలాల్లోని సాగు భూములను చేను చేనుగా కొలిపించాడు. కొలతకు 33 అడుగుల గొలుసు వాడారు. ఆ గొలుసంత పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. 40 గుంటలైతే ఎకరా. (ఇప్పుడు మనవైపు సెంట్లలో చెప్పుకుంటున్నాం. గుంట లెక్క తెలంగాణలో, కర్ణాటకలో ఇంకా బతికే ఉంది.) కొలిచాక నేల రకాన్ని బట్టి శిస్తు కట్టారు. కరణాలు, రెడ్లు, సాగు చేసే రైతులు చెప్పింది విని, ఒకరి మాటతో మరొకరి మాట సరిచూసి, లెక్క తేల్చారు. జమీందారు, గ్రామ గుత్తేదారు వంటి మధ్యవాళ్లు లేకుండా ప్రతి రైతుతోనూ ప్రభుత్వమే నేరుగా లావాదేవీ పెట్టుకునే రైత్వారీ పద్ధతి సీమలో స్థిరపడింది ఇలాగే.

ఇక్కడ అసలు విషయానికి వస్తున్నాం. అంత తిరిగి, అంత విని కట్టిన శిస్తు ఎక్కువైంది. ఎక్కువైందని చెప్పింది ఎవరో కాదు, మన్రోనే. 1807 ఆగస్టులో, సీమను విడిచి వెళ్లే ముందు పంపిన నివేదికలో, సర్వేలో నిర్ణయించిన శిస్తును నూటికి 25 వంతులు తగ్గించాలని సూచించాడు. బావి కింద సాగయ్యే నేలకు మరో 8 వంతులు, అంటే మొత్తం మూడో వంతు దాకా తగ్గించమన్నాడు. ఆ బావిని రైతు సొంత ఖర్చుతో బాగుచేసుకుంటూ ఉండాలన్నది షరతు. మా పక్కింటి రైతు అడిగిన "చేనా, మడా, తోటా?" అన్న ప్రశ్నకు రెవెన్యూ భాషలో జవాబు అది. బావి తవ్వినవాడు, కపిల తోలినవాడు తన కష్టాన్ని నేలలో పెట్టాడు. ఆ కష్టం మీద కూడా పన్ను వేస్తే ఇంకో బావి ఎవడు తవ్వుతాడు?

మద్రాసు ఆ మాట వినలేదు. శిస్తు తగ్గించకపోగా, 1808 నుంచి గ్రామాలను గుత్తకిచ్చే పద్ధతి పెట్టారు. మొదట మూడేళ్లు, తర్వాత పదేళ్లు. గుత్తలు చాలాచోట్ల దెబ్బతిన్నాయి. 1820లో మన్రోనే మద్రాసు గవర్నరయ్యాడు. అప్పుడే దత్తమండలాల్లో రైత్వారీ తిరిగి వచ్చింది, 1807 నాటి తగ్గింపు అమలైంది. మధ్యలో పోయిన పదమూడేళ్లను లెక్కపెట్టండి. నేల మీద ఉన్నవాడు తన లెక్క తప్పని ఏడేళ్లలో ఒప్పుకున్నాడు. పట్నంలో కూర్చున్నవారికి దానికి దాదాపు రెండింతల కాలం పట్టింది, అదీ ఆ మనిషే వచ్చి కుర్చీలో కూర్చుంటే.

అలాగని మన్రోను రైతుబంధువుగా చిత్రించడం నాకు ఇష్టం లేదు. తగ్గించిన తర్వాత కూడా ఆ శిస్తు కంపెనీ ఖజానాకే పోయింది. నేను అనేది ఇంతే: కొత్త చోటికి అలవాటు పడటమంటే అక్కడి ఎండకు, తిండికి అలవాటు పడటం ఒక్కటే కాదు. ఆ చోటు మన లెక్కను తప్పని చూపినప్పుడు దాన్ని దిద్దుకోవడం కూడా. మన్రో విషయంలో అది కాగితం మీద రుజువై ఉంది.

కడపలో బ్రౌన్

రెండో మనిషి మీకు బాగా తెలిసినవాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి చనిపోయాక కుటుంబం ఇంగ్లాండు వెళ్లింది. అక్కడ హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817 ఆగస్టులో మద్రాసు చేరాడు. ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. పరీక్ష నెగ్గి, 1820 ఆగస్టులో కడప కలెక్టరు హాన్‌బరీకి సహాయకుడిగా వచ్చాడు. అప్పటికి నిండా 22 ఏళ్లు లేవు.

మన్రో గవర్నరైన సంవత్సరం కూడా అదే. ప్రజల భాష రాకుండా ప్రజలను పాలించలేరని మన్రో యువ అధికారులకు గట్టిగా చెప్పేవాడు. కలకత్తా, లండన్ పరిసరాలు, మద్రాసు చూసిన కుర్రవాడు కడప కచేరీలో పరీక్షకు చదివిన తెలుగుతో ఎంత దూరం నడిచి ఉంటాడో మీరే ఊహించండి. అప్పటికి ఆంగ్లంలో ఉన్న ముఖ్యమైన తెలుగు వ్యాకరణం ఏ.డి. క్యాంబెల్ 1816లో వేసింది. వ్యాకరణ పుస్తకంలోని తెలుగు వేరు, అర్జీ పట్టుకుని వచ్చిన రైతు నోటి తెలుగు వేరు. కచేరీ కాగితాల తెలుగైతే సగం పారసీ: జమాబందీ, కిస్తీ, దస్తావేజు. ముప్పై ఏళ్ల తర్వాత బ్రౌన్ తన పెద్ద నిఘంటువుతో ఆగక, ఇలాంటి మాటల కోసం మిశ్రభాషా నిఘంటువును విడిగా తయారుచేశాడు. ఆ అవసరం అతనికి ఎక్కడ తెలిసివచ్చిందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

వచ్చిన మరుసటి సంవత్సరమే కడపలో పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడులు పెట్టించాడు. తర్వాత బదిలీలు: మచిలీపట్నం, రాజమండ్రి. 1826లో మళ్లీ కడపకు వచ్చాడు. ఈసారి అద్దె ఇల్లు చూసుకోలేదు. 3000 వరహాలు పెట్టి, 15 ఎకరాల తోటతో ఉన్న బంగళా కొన్నాడు. ఏ క్షణానైనా బదిలీ వచ్చే ఉద్యోగి అంత సొమ్ము ఇంట్లో పెట్టడం తెలివైన పనేనా అని తోటివారు అనుకునే ఉంటారు. ఆ బంగళా త్వరలోనే ఒక పనిశాల అయింది. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులను పెట్టుకుని, జీతాలు తన జేబులోంచి ఇచ్చి, తాళపత్రాలు తెప్పించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. వాటి నిర్వహణ అయోధ్యాపురం కృష్ణారెడ్డి చూసుకునేవాడు. 1829లో వేమన పద్యాల సంకలనం ఆంగ్లానువాదంతో అచ్చయింది. ఆ సంవత్సరమే బ్రౌన్‌ను కడప నుంచి బదిలీ చేశారు. అధికారి వెళ్లిపోయాడు, బంగళాలో పని మాత్రం నడుస్తూనే ఉంది.

చాలామంది విద్యార్థులు పరీక్షలో ఇక్కడే పొరపాటు చేస్తారు. "బ్రౌన్ తెలుగును కాపాడాడు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. ఆ వాక్యంలో అప్పయ్య ఏడి? ఊరు కాని ఊళ్లో బ్రౌన్ నిలదొక్కుకున్నాడంటే, ఆ ఊరివారు అతనితో వేగారు కాబట్టి. దొర తెలుగులోని తప్పులు దిద్దినవారు, ఒక్కో పద్యానికి పది ప్రతులు వెతికినవారు, శాస్త్రం చెప్పని పద్ధతిలో పుస్తకానికి అకారాది పట్టిక కట్టడం నేర్చుకున్నవారు పండితులు. మన్రో గుడారం ముందు కరణం నిలబడ్డాడు, బ్రౌన్ బంగళాలో పండితుడు కూర్చున్నాడు. వలస వచ్చినవాడు ఒక్కడే మారడు. అతను ప్రభువైతే, మారక తప్పని భారం ఎక్కువగా ఊరి మీదే పడుతుంది. మరి ఈ ఇద్దరిలో ఊరి మీద తక్కువ భారం వేసినవాడు ఎవరు? నా ఓటు బ్రౌన్‌కు. జీతమిచ్చి పని అడిగాడు, గొలుసు పట్టుకుని కాదు. మీరు మన్రో వైపు వాదించాలనుకుంటే 1807 నివేదిక మీ చేతిలో ఉంది.

బ్రౌన్ 1855లో ఇండియా విడిచాడు. లండన్‌లో తెలుగు ఆచార్యుడిగా పనిచేసి, 1884లో మరణించాడు. కడపలో అతని బంగళా శిథిలమైంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో ఆ స్థలంలోనే బ్రౌన్ పేరిట గ్రంథాలయం లేచింది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయానికి చెందిన భాషా పరిశోధన కేంద్రం. కడపకు పని మీద వెళ్లినప్పుడు ఒక గంట అక్కడ గడపండి.

గండి, పత్తికొండ

మన మండలంలోనే ఉన్న గండికి మీరంతా వెళ్లే ఉంటారు. నంది కొండల్లో పుట్టిన పాపాగ్ని, పెన్నలో కలవడానికి కమలాపురం వైపు పోతూ, ఇక్కడ కొండను చీల్చుకుని వస్తుంది. శ్రీరాముడికి స్వాగతంగా ఈ రెండు కొండల మధ్య వాయుదేవుడు బంగారు తోరణం కట్టాడని, అది పుణ్యాత్ములకు, అదీ అంత్యకాలం దగ్గరపడినవారికే కనబడుతుందని స్థలపురాణం. మన్రో ఈ దారిన పోతూ తోరణాన్ని చూశాడని, చూసిన కొద్దికాలానికే మరణించాడని ఇక్కడి పెద్దలు చెబుతారు.

చరిత్ర విద్యార్థిగా మీరు ఈ కథను ఎలా చదవాలి? నిజమా కాదా అని తేల్చడం మన పని కాదు. ఊరు ఒక బయటివాణ్ణి తన పురాణంలోకి ఎందుకు రానిచ్చింది అన్నది మన ప్రశ్న. తెర్నేకల్లులో ఇలాంటి కథ పుట్టి ఉండేదా అన్నది దాని వెనకే వచ్చే ప్రశ్న.

కాగితాలు చెప్పేది ఇది. గవర్నరు పదవి నుంచి తప్పుకునే ముందు మన్రో 1827లో మద్రాసు నుంచి బయలుదేరి చివరిసారి దత్తమండలాల పర్యటనకు వచ్చాడు. దారిలో కలరా. జులై 6న పత్తికొండ దగ్గర గుడారంలో చనిపోయాడు. గుత్తిలో ఖననం చేశారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. అతను చనిపోయిన పత్తికొండలో ప్రభుత్వం అతని జ్ఞాపకంగా చెట్లు నాటించి, రాతికట్టుతో ఒక బావి తవ్వించింది.