నాటు వేసిన తరువాత

ఒకసారి జనగామలో బంధువుల ఇంటికి వెళ్ళాను. వారి పిల్లవాడిది తలసీమియా. అక్క మూలుగతో మూలకణ మార్పిడి జరిగి నాలుగు నెలలయింది. గడపలోనే నా చేత చేతులు కడిగించారు. "మార్పిడి ఫలించింది కదా, ఇంకా ఈ కట్టడి దేనికి?" అన్నాను. వాడి నాయనమ్మ నవ్వి, "నాటేసినంత మాత్రాన వడ్లు ఇంటికొస్తయా బిడ్డా!" అన్నది. ఆ మాట వెంటబడి కొంత చరిత్ర చదివాను.

థైమస్ గ్రంథి రోగనిరోధక కణాలకు బడి వంటిదని 1961లో జాక్ మిల్లర్ ఎలుకలలో నిరూపించాడు. 1968లో మినియాపొలిస్‌లో రాబర్ట్ గుడ్ బృందం, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని అయిదు నెలల బాలుడిని అక్క మూలుగతో బ్రతికించింది. మన దేశంలో 1983లో ముంబయి టాటా స్మారక ఆసుపత్రిలో మూలుగ మార్పిడి మొదలయింది.

అయితే దాత కణాలు గ్రహీత దేహాన్నే శత్రువనుకొని దాడి చేయవచ్చు. దానిని అదుపు చేయడానికి తొలి రోజులలో చాలామందికి మెథోట్రెక్సేట్ ఇస్తారు. ఆ కోవకే చెందిన ఎమినోప్టెరిన్‌ను లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేయించినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. సిడ్నీ ఫార్బర్ దానితో లుకేమియా పిల్లలకు చికిత్స చేసి ఫలితాలు ప్రకటించిన 1948లోనే ఆయన కన్నుమూశారు. ఆ మందుల వంశం మార్పిడి గదిలోకి అడుగుపెట్టడం ఆయన చూడలేదు.

మార్పిడి తరువాత కణాలన్నీ ఒకేసారి తిరిగి రావు. న్యూట్రోఫిల్ కణాలకు రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. ప్రతిరక్షకాలను తయారుచేసే బి కణాలకు నెలలు కావాలి. థైమస్ బడిలో చదివి రావలసిన టి కణాలకు ఏడాది, ఒక్కోసారి అంతకు మించి. పసివారిలో ఆ గ్రంథి చురుకుగా ఉంటుంది కనుక పెద్దలకన్నా వారు త్వరగా కోలుకుంటారు. అయినా పాత టీకాల జ్ఞాపకం చాలావరకు చెరిగిపోతుంది. వాటిని మళ్ళీ మొదటినుండి వేయించాలి. తట్టు టీకాకు సాధారణంగా రెండేళ్ళు ఆగుతారు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016లో ప్రధానంగా పాత వరంగల్లునుండి విడివడిన జిల్లాలు. మార్పిడి చేయించుకున్న పిల్లవాడికి జ్వరమంటే గంటలు లెక్కపెట్టవలసిన ఆపద. భూపాలపల్లి అడవి అంచు గూడెంలో అర్ధరాత్రి ఒళ్ళు కాలితే, ఆ తల్లికి పెద్దాసుపత్రి ఎంత దూరం?

చరిత్ర నాటు వేసిన రోజునే రాసుకుంటుంది. ఆ తరువాతి ఏడాదిని కాచేది ఇల్లు. ఆ ఇంటికి దగ్గరలో వైద్యం ఉన్నప్పుడే పంట చేతికొచ్చినట్టు.