రోలర్ కోస్టర్‌లో తర్వాత మారేది పట్టా కాదు, కూర్చునే తీరు

హోసూరు, కృష్ణగిరి తెలుగు ఇళ్లలో రోలర్ కోస్టర్ మాట ఇప్పుడు కొత్తది కాదు. బెంగళూరు దాటి మైసూరు దారిలో వెళ్తే బిడదిలో 2005లో మొదలైన వండర్‌లా ఉంది. బంధువుల ఇంటికని హైదరాబాద్ వెళ్తే రావిర్యాల దగ్గర 2016లో తెరిచినది ఉంది. 2025 డిసెంబర్‌లో చెన్నై శివారున, తిరుప్పోరూరు దగ్గర మరొకటి వచ్చింది. అందులో 'తంజోరా' పేరుతో పెట్టిన కోస్టర్‌ను స్విట్జర్లాండ్‌కు చెందిన బోలిగర్ అండ్ మాబిలార్డ్ తయారు చేసింది. పట్టా తల పైన ఉంటుంది, కాళ్లు గాలిలో వేలాడతాయి. ఆ కంపెనీ వేలాడే రకం కోస్టర్ మన దేశానికి రావడం ఇదే మొదటిసారి.

ఇక పిల్లల ప్రశ్న ఒక్కటే: తర్వాత ఏం వస్తుంది? ఇంకా ఎత్తా, ఇంకా వేగమా? ఆ కంపెనీ ఇంతవరకు నడిచిన దారి చూస్తే జవాబు వేరేగా కనిపిస్తుంది.

ముందు, అది ఎలా నడుస్తుంది

చాలా కోస్టర్లకు ఇంజన్ ఉండదు. గొలుసు బండిని మొదటి గుట్ట పైకి లాగి వదిలేస్తుంది. అక్కడి నుంచి దిగే బరువే బండిని చివరిదాకా నడిపిస్తుంది. గాలి, రాపిడి లెక్కలోకి తీసుకోకపోతే 40 మీటర్ల ఎత్తు నుంచి దిగే బండికి గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగం వస్తుంది. వేగం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. ఎత్తు పోటీ అంత ఖరీదైనది కావడానికి కారణం ఇదే.

గుట్ట ఎక్కేటప్పుడు వినిపించే టకటక శబ్దం, గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పట్టే పళ్లది. పట్టాను పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి మూడు వరుసల చక్రాలు పట్టుకుంటాయి. అందుకే తలకిందులైనా బండి పట్టాను వదలదు. దారిని బ్లాకులుగా విడగొడతారు. ముందు బండి ఒక బ్లాకు దాటాకే వెనక బండికి అందులోకి దారి దొరుకుతుంది. రైల్వే సిగ్నల్ వ్యవహారమే ఇది.

నిలువు చుట్టు గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో ఉండటం గమనించే ఉంటారు. అచ్చమైన గుండ్రం అయితే అడుగున మెడ మీద, వెన్ను మీద విపరీతమైన భారం పడుతుంది. జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ లెక్కగట్టిన ఈ ఆకారం 1976లో అమెరికాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో విజయవంతమైంది. ఆ తర్వాత అందరూ అదే దారి పట్టారు.

ఒకే పట్టా, రకరకాల కుర్చీలు

వాల్టర్ బోలిగర్, క్లాడ్ మాబిలార్డ్ కలిసి 1988లో ఈ కంపెనీ పెట్టారు. వీరి పట్టా కింద ఉండే పెట్టె ఆకారపు ఉక్కు దూలాన్ని చూసి అభిమానులు దూరం నుంచే గుర్తుపడతారు. ఆ దూలం లోపల బోలుగా ఉంటుంది కాబట్టి బండి వెళ్తుంటే హోరు పుడుతుంది. చుట్టుపక్కల ఇళ్లున్న చోట దూలంలో ఇసుక నింపి ఆ హోరు తగ్గిస్తారు.

దూలం తీరు పెద్దగా మారలేదు. మారినది మనిషి కూర్చునే విధం. 1990లో నిలబడి ఎక్కేది, 1992లో వేలాడేది, 1998లో అంచున ఒక్క క్షణం ఆగి నిట్టనిలువునా దూకేది, 1999లో కాళ్ల కింద నేల లేనిది, 2002లో బోర్లా పడుకుని ఎగిరేది, 2011లో పట్టాకు ఇరువైపులా రెక్కల్లా కుర్చీలున్నది వచ్చాయి. మహారాష్ట్రలో ఖోపోలి దగ్గర ఇమాజికాలో 2013లో వచ్చిన నైట్రో, కాళ్ల కింద నేల లేని రకమే.

ఇందులో నిలబడే రకం కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తల, మెడ కొట్టుకుంటున్నాయని జనం దానికి దూరమయ్యారు. కొన్ని పార్కులు అవే పట్టాల మీద బండ్లు మార్చి కూర్చునే కోస్టర్లుగా చేసుకున్నాయి. అయినా కంపెనీ ఆ ఆలోచనను పూర్తిగా వదల్లేదు. మనిషితోపాటు పైకీ కిందికీ కదిలే ఆసనం తయారు చేసి, 2023లో అమెరికాలోని ఓర్లాండో సీవరల్డ్‌లో 'పైప్‌లైన్' పేరుతో మళ్లీ తెచ్చింది. పాత ఆలోచనకు కొత్త కుర్చీ వేయడం ఈ సంస్థ అలవాటు.

తర్వాత ఏం రావచ్చు

ఈ అలవాటును బట్టి మా అంచనాలు రెండు.

మొదటిది, ఇంటిల్లిపాదీ ఎక్కే వేలాడే కోస్టర్లు. 2024లో టాంపాలో, 2025లో విలియమ్స్‌బర్గ్‌లో బుష్ గార్డెన్స్ పార్కులకు ఇదే కంపెనీ అలాంటివి ఇచ్చింది. తలకిందులు చేయవు, ఎత్తు తక్కువ. పెద్ద రకాలు 52–54 అంగుళాల ఎత్తు అడుగుతుంటే, టాంపా దానికి 42 అంగుళాలు చాలు. మన దేశంలో పార్కుకు వెళ్లేది ఒంటరి కుర్రాళ్లే కాదు, తాతామామ్మలతో సహా మొత్తం కుటుంబం. మనవరాలితోపాటు అమ్మమ్మా ఎక్కగలిగే సవారీకే ఇక్కడ గిరాకీ ఎక్కువ.

రెండవది, గుట్ట బదులు అయస్కాంత బలంతో బండిని ముందుకు విసిరే పద్ధతి. పైప్‌లైన్ అలాగే బయలుదేరుతుంది. ఎత్తు కట్టకుండానే వేగం వస్తుంది కాబట్టి తక్కువ ఉక్కుతో పని జరుగుతుంది. కరెంటు మాత్రం ఒక్క క్షణంలో చాలా కావాలి.

ఎత్తు పోటీని వేరే కంపెనీలకు వదిలేయవచ్చు. న్యూజెర్సీలో 139 మీటర్ల కింగ్డా కాను 2005లో కట్టిన ఇంటామిన్, ఇప్పుడు సౌదీలోని ఖిద్దియాలో 195 మీటర్ల ఎత్తున ఫాల్కన్స్ ఫ్లైట్ నిలబెట్టింది. కింగ్డా కాను మాత్రం 2024లో మూసి, 2025లో పడగొట్టేశారు. రికార్డు కోసం కట్టినదానికి నిర్వహణ ఖర్చు కూడా రికార్డు స్థాయిలోనే ఉంటుంది.

మన దేశంలోనూ తయారీ ఉంది. వండర్‌లా తన సవారీల్లో చాలావాటిని కొచ్చిలో సొంతంగా తయారు చేసుకుంటుంది. పెద్ద కోస్టర్లను మాత్రం విదేశాల నుంచి తెప్పిస్తున్నారు. ఉక్కు వంచడం, వెల్డింగ్, బేరింగులు, బ్రేకులు, కంట్రోలు ప్యానెళ్లు హోసూరు సిప్కాట్‌లో పనిచేసే మన వాళ్లకు తెలిసిన పనులే. మెకానికల్ చదివే పిల్లలు ఈ రంగాన్నీ ఒకసారి చూడాలి.

మన తిరునాళ్ల రాట్నం దగ్గర

మన పిల్లలు ఎక్కువసార్లు ఎక్కేది స్విస్ కోస్టర్ కాదు. హోసూరు చంద్రచూడేశ్వరస్వామి తేరు సమయంలో, కృష్ణగిరి మామిడి ప్రదర్శనలో లారీల మీద వచ్చి నాలుగు రోజుల్లో నిలబడే రంగులరాట్నం, ఊగే పడవ. అహ్మదాబాద్‌లో 2019లో ఊగే సవారీ విరిగిపడి ఇద్దరు చనిపోయారు. 2016లో చెన్నై శివారు పార్కులో కొత్త సవారీని పరీక్షిస్తుండగా ఒక ఉద్యోగి మరణించారు.

పేరున్న తయారీదారు అయినంత మాత్రాన తనిఖీ అక్కర్లేదనుకోకూడదు. 2023 జూన్‌లో అమెరికాలోని కారోవిండ్స్ పార్కులో, బోలిగర్ కంపెనీ కట్టిన 99 మీటర్ల ఫ్యూరీ 325 స్తంభంలో పగులును ముందుగా చూసింది పార్కుకు వచ్చిన ఒక సందర్శకుడే. దాన్ని మూసి, స్తంభం మార్చాకే తిరిగి నడిపారు.

కాబట్టి ఎక్కే ముందు ఇవి చూడండి:

- మీ కడ్డీ లేదా బెల్టును ఆపరేటర్ చేత్తో లాగి చూశాడా? ప్రతి కుర్చీ దగ్గరికీ వచ్చాడా?
- ఎత్తు కొలిచే గుర్తు ఉందా? ఉంటే పిల్లలను "ఈసారికి పోనీ" అని ఎక్కించకండి.
- కాళ్లు ఆనించిన చోట నేల గట్టిగా ఉందా, లేక ఇటుకలు, చెక్కముక్కలు పేర్చారా? వాన పడ్డాక మరీ చూడాలి.
- తనిఖీ ధ్రువపత్రం ఏ తేదీదో నిర్వాహకులను అడగండి. అడగడంలో మొహమాటం వద్దు.
- నడుస్తుండగా కొత్త శబ్దం, ఊగుడు, పగులు కనిపిస్తే వెంటనే ఆపమని చెప్పండి.

కొత్త కుర్చీ ఎలా ఉండాలో స్విట్జర్లాండ్‌లో నిర్ణయిస్తారు. మన ఊరి రాట్నంలో కుర్చీ కడ్డీ గట్టిగా పడిందో లేదో చూసుకోవలసింది మాత్రం ఇక్కడ ఉన్న మనమే.