తిరుమణి: ఒక మెట్టపల్లె నాడు, నేడు

పావగడ తాలూకా పటమును ముందుంచుకొని చూచువారికి మొదట వింతగా తోచునది దాని ఉనికి. కర్ణాటకమునకు చెందిన ఈ సీమను ఇంచుమించు మూడు వైపుల ఆంధ్రప్రదేశ్ చుట్టియున్నది. మడకశిర, హిందూపురము, పెనుకొండ, కల్యాణదుర్గము మనకు ఇరుగుపొరుగు. మన జిల్లా కేంద్రమైన తుమకూరునకు పోవు బస్సు సైతము మడకశిర మీదుగా, పరరాష్ట్రపు నేల దాటి పోవుట మనకు పరిపాటి.

“మీ తాతలు ఎప్పుడు వలస వచ్చిరి?” అని బెంగుళూరులో మమ్ము అడుగువారు కలరు. మనలో పెక్కు కుటుంబములు వలస వచ్చినవి కావు. సరిహద్దే మన నడుమకు వచ్చినది. మధ్యయుగమున నిడుగల్లు చోళుల కోట మన తాలూకాలోని కొండపై నుండగా, వారి మరియొక రాజధానియైన హెంజేరు, అనగా నేటి హేమావతి, మడకశిర ప్రాంతమున నుండెను. ఆనాడు రెండును ఒకే సీమ. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట పావగడ మైసూరు ఒడెయరుల సంస్థానమున నిలిచెను. 1800లో నిజాము దత్తమండలములను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేయుటతో అనంతపురపు సీమ మద్రాసు ప్రభుత్వము క్రిందికి పోయెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినను, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినను పావగడ మైసూరులోనే యుండెను. ఇంటిలో తెలుగు, కచ్చేరిలో కన్నడము అను మన జీవనము ఇట్లు కుదిరినది.

ఈ సీమలోని పల్లెలలో తిరుమణి యొకటి. కొన్ని ఏండ్ల క్రిందటి వరకు దాని పేరు తాలూకా దాటి వినబడెడిది కాదు. ఎర్రనేల, రాళ్ళగుట్టలు, వానను నమ్ముకొన్న మెట్ట సేద్యము. వేరుసెనగ, రాగి, కంది. నందికొండలలో పుట్టిన ఉత్తరపినాకిని నాగలమడిక మీదుగా మన తాలూకాను దాటి పోవుచున్నను, ఏటిలో ఇసుక కనబడిన దినములే ఎక్కువ. వాన తప్పిన ఏడు విత్తనపు కాయలకు అప్పు. వాన కురిసిన ఏడు ఆ అప్పు తీర్చుట. బోర్లు లోతునకు పోయినకొలది నీటిలో ఫ్లోరైడు మిక్కుటమై, ఎముకలు బిగిసి నడుము వంగినవారిని చూడని పల్లె ఈ ప్రాంతమున అరుదు. కావుననే పడుచువాండ్రు బెంగుళూరు దారి పట్టిరి; ముదుసళ్ళు అరుగులపై మిగిలిరి.

ఇట్టి పల్లెకు వాన కాక ఎండయే బ్రతుకుతెరువు చూపునని ఎవరు తలచిరి? 2015లో కర్ణాటక సౌరవిద్యుత్ పార్కు అభివృద్ధి సంస్థ ఏర్పడినది. తిరుమణి, బలసముద్రము, వళ్ళూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను అయిదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములు ఈ పనికి ఏర్పాటైనవి. 2018 మార్చి 1వ తేదీన పార్కు ప్రారంభోత్సవము జరిగెను. 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్ల సామర్థ్యము పూర్తియై, ప్రపంచములోని పెద్ద సౌరవిద్యుత్ క్షేత్రములలో నొకటిగా దీనికి పేరు వచ్చెను.

ఇందు చరిత్ర వ్రాయువారు గమనింపదగిన విషయము విద్యుత్తు కాదు, ఒప్పందము. ఆనకట్టకైనను, కర్మాగారమునకైనను ప్రభుత్వము భూమిని కొని, రైతును పంపివేయుట మనము ఎరిగిన పద్ధతి. ఇచ్చట భూమిని కొనలేదు. 28 ఏండ్ల గుత్తకు తీసికొనిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్ల కొకసారి నూటికి అయిదు వంతున పెంపు. పహణిలో పేరు రైతుదే. ఇది చిన్న సంగతి కాదు.

అయినను గుమాస్తా పని చేసిన మాకు లెక్క వేయక తోచదు. నాలుగెకరముల ఆసామికి తొలి ఏట 84,000 రూపాయలు వచ్చును. అనగా నెలకు 7,000. కరవు సీమలో అది నికరమైన రాబడి. ఆ సొమ్ముతో అప్పులు తీర్చినవారు, ఇల్లు కట్టినవారు, పిల్లలను చదివించినవారు కలరు. కాని ఆ ఆసామికి ముగ్గురు కుమారులున్నచో ఒక్కొక్కరి వంతు ఏటికి 28,000 మాత్రమే. ఇక సెంటు భూమియైనను లేని కూలివాని మాటేమి? కలుపునకు, కాయకోతకు పిలుచువారు తగ్గిరి. గొఱ్ఱెల కాపరికి బీడులు కంచె లోపలికి పోయినవి. పలకలు కడుగుట, గడ్డి కోయుట, కావలి కాయుట వంటి పనులు కొందరికే దొరకినవి. కాగితము గలవానికి గుత్త వచ్చినది. కాగితము లేనివానికి పని పోయినది. తిరుమణి చరిత్రను మెచ్చుకొనువారు ఈ రెండవ వాక్యమును కూడ వ్రాయవలెను.

మేము కచ్చేరిలో నున్న కాలమున ఒక వృద్ధుడు పహణి నకలునకు వచ్చెను. సర్వే నంబరు అడిగితిమి. “నంబరు నాకేమి తెలియునయ్యా? తూర్పున చింతమాను, పడమట వంక, ఆ నడుమది నా చేను” అని బదులు చెప్పెను. ఆనాడు మేము చిన్నగా నవ్వుకొంటిమి. నేడు ఆ నవ్వునకు సిగ్గుపడుచున్నాము. చెట్టు, గట్టు, వంక ఉన్నంతకాలము ఆయన చెప్పినది చాలిన సాక్ష్యమే. గట్లు చదునై, వరుసలు వరుసలుగా పలకలు నిలిచిన చోట చేను గుర్తించుటకు ఇక మిగిలినది ఆ నంబరొకటే.

1961 నాటి చట్టముతో శానుభోగుల వంశపారంపర్యపు పని అంతరించెను. ఏ చేను ఎవరిదో నోటితో చెప్పగల తరము దానితోనే సన్నగిల్లెను. 2000 సంవత్సర ప్రాంతమున ‘భూమి’ పథకముతో పహణులు కంప్యూటరున కెక్కినవి. అది మేలే. కాని తాత గతించి ఏండ్లు గడచినను పౌతి ఖాతా చేయించుకొనని ఇండ్లు పెక్కులు. ఇంటిలో తెలుగున పిలుచు పేరొకటి, పహణిలో కన్నడమున నున్న పేరు మరియొకటి. గుత్త సొమ్మునకు పోయినపుడు ఈ తేడాయే అడ్డుగోడ యగును.

2040 దాటిన కొన్ని ఏండ్లకు ఈ గుత్తలు ముగియును. నేడు బడికి పోవు బిడ్డలే నాడు ఆ భూమికి వారసులు. నాగలి పట్టి యెరుగరు, గట్టు చూచి యెరుగరు. పహణి చదువుకొనుటకు కన్నడము, అవ్వ చెప్పిన గుర్తులు తెలిసికొనుటకు తెలుగు, రెండును వారికి కావలెను. ఒకటి చాలునని తలచుట పొరపాటు.

భవిష్యత్తు చీకటియని మేము చెప్పుట లేదు. తుంగభద్ర నీటిని పావగడకు తెచ్చు పథకము, రాయదుర్గము నుండి మన పట్టణము మీదుగా తుమకూరునకు వేయుచున్న రైలుమార్గము ఈ సీమ రూపు మార్చగలవు. ఐనను పైనుండి వచ్చు మేలు వేరు, మన చేతిలోని పని వేరు. మనలో భూమి గల ప్రతి కుటుంబమును ఒక పుస్తకము పెట్టి సర్వే నంబరు, విస్తీర్ణము, నాలుగు హద్దులు, పహణిలోని పేరు, గుత్త ముగియు సంవత్సరము వ్రాసి యుంచవలెను. పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని కంచె వెలుపల నిలిచియైనను “అదిగో, మన చేను అచ్చటిది” అని చూపవలెను. గుత్త సొమ్ములో కొంత ఊరి చెరువు పూడిక తీయుటకును, భూమిలేని ఇంటి బిడ్డ చదువునకును కేటాయింపగలిగినచో, తిరుమణి గుత్త తినిన ఊరుగా కాక నిలదొక్కుకొన్న ఊరుగా పేరు పొందును. రాజ్యములు మారినను, సరిహద్దులు వచ్చినను నేలను విడువక నిలిచిన మనవారికి ఈ పని అసాధ్యము కాదని మా నమ్మకము.